రాతిలో నిలిచిన వ్యాకరణం

కోరాడ మహదేవశాస్త్రి 1969లో వెలువరించిన తెలుగు చారిత్రక వ్యాకరణం తిరగేస్తే, ఆ పనితనానికి దండం పెట్టకుండా ఉండలేం. నన్నయకు ముందటి తెలుగు మాట్లాడేవాళ్లు ఇప్పుడు లేరు. దానికి ఆనాడు వ్యాకరణం రాసిపెట్టినవాళ్లూ లేరు. మిగిలినవి దానశాసనాలు: ఎవరు ఏలుతుండగా, ఎవరికి, ఎంత నేల ఇచ్చారు, చెరిపితే ఏ పాపం తగులుతుంది. ఆ నాలుగు ముక్కల్లోంచే విభక్తులు, క్రియలు, ధ్వనులు రాబట్టారు మహానుభావులు.

కడప జిల్లా కలమళ్ల శాసనం చూడండి. రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడిది, సుమారు 575 నాటిది. అందులో రాజు పేరు ‘ధనంజయుఱు’. చెక్కినవాడి తప్పని ‘డు’గా దిద్దేసి ఉంటే కథ అక్కడితో సరి. పండితులు దిద్దలేదు. మిగతా శాసనాల్లోని ‘ణ్డు’, నన్నయ ‘ండు’, మన నోటి ‘డు’ వరసగా పేర్చారు. తమిళ ‘మూన్ఱు’, కన్నడ ‘మూరు’, మన ‘మూఁడు’ పక్కన పెట్టారు. అన్నిటికీ మూలం నకారంతో కూడిన ఒకటే పాత ధ్వని అని తేలింది. మన అరసున్న ఆ పాత నకారం ఆనవాలే! అదే శాసనంలో ‘ఏళన్’ అంటే ఏలుతుండగా. అక్కడ ళ ఉండడం పొరపాటు కాదని తమిళ ‘ఆళ్’ సాక్ష్యం చెబుతుంది.

మా తడ వాళ్లకు ఈ విద్య చెవికే అందుతుంది. ఇక్కడ ఏడు, కోడి అంటే, తమిళనాడు పొలిమేర దాటగానే ఏఴు, కోఴి. ఆ ఴ ఒకప్పుడు మనదీ. శాసనాల్లో దానికి వేరే అక్షరం ఉంది. అచ్చుల నడుమ అది డ అయింది, అందుకే చోఴులు మనకు చోడులు. హల్లును అంటుకున్నచోట ర అయింది, అందుకే వాళ్ల ‘కీఴ్’ మన ‘క్రింద’. ఇలాంటి సూత్రాలను ధాతువుల దాకా నడిపి, 1961లో ‘తెలుగు వెర్బల్ బేసెస్’ ఇచ్చిన భద్రిరాజు కృష్ణమూర్తిని మించిన పనివాణ్ణి నేనెరగను.

రాతి మీద తడికాగితం పరిచి, బ్రష్షుతో కొట్టి, సిరా అద్ది అచ్చు తీస్తారు. అసలు కష్టం ఆ తర్వాతే, దాన్ని చదవడంలో. అమరావతి రాతిముక్క మీది ‘నాగబు’ను తెలుగు మాటగా గుర్తించిన వేటూరి ప్రభాకరశాస్త్రి, తొలి శాసనాలను 1971లో గుదిగుచ్చిన బూదరాజు రాధాకృష్ణ, 1905లోనే మా నెల్లూరు సీమ శాసనాలు మూడు సంపుటాలుగా తెచ్చిన బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి: వీళ్ల చూపు ఏం చూపు! కావ్యభాషే భాష అనేవారితో నాకు పొత్తు కుదరదు. శాసనాలను స్వయంగా చదివి సాక్ష్యానికి నిలబెట్టిన గిడుగు రామమూర్తి పక్షమే నాది.

పాత రాతల్లోంచి భాషను రాబట్టడం: అమెరికాలో వాంపనోగ్ ఆదివాసులు చేసిందీ ఇదే. మాట్లాడేవాళ్లు లేకుండా పోయిన తమ భాషను 1663 నాటి బైబిలు అనువాదం, పాత దస్తావేజులు, సోదర అల్గాంకియన్ భాషలు ఆధారంగా తిరిగి కట్టుకున్నారు. జెస్సీ లిటిల్ డో బేర్డ్ 1993లో మొదలుపెట్టిన ఆ పని ఫలించి, ఆమె కూతురు ఆ భాష వింటూ పెరిగింది.

మరి మనం? శాసనాలకు సున్నం కొడతాం, సిమెంటు మెత్తుతాం. చవక పుస్తకాల్లో ఱను ర చేసి, ఴను ళ చేసి ‘సులభపాఠం’ అంటాం. అది సులభం కాదు, సాక్ష్యాన్ని చెరిపేయడం! యూనికోడ్‌లో ఴకు 2014లో, పాత శాసనాల్లోని ౚకు 2015లో చోటు దొరికింది. అచ్చులో అక్షరం లేదన్న సాకు ఇక చెల్లదు. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చిందని పండగ చేసుకున్నవాళ్లం, ఆ హోదాకు ఆధారమైన రాళ్లను చదవగలవాళ్లను తయారు చేయొద్దా? తెలుగు ఎమ్మేలో శాసనపఠనం ప్రతి విద్యార్థీ నేర్వాల్సిందే. ఊరి గుడిలో రాతలున్న రాయి కనిపిస్తే, సున్నం బకెట్టు పట్టుకున్నవాణ్ణి ఆపండి. ఫొటో తీసి పురావస్తుశాఖకు కబురు పెట్టండి. ఏ రాతిలో ఏ ప్రత్యయం దాగుందో చదివేదాకా ఎవరికీ తెలియదు.