నీడను కొలిపించే అయివారు

సైన్సు అయివారి పదవీ విరమణ సభలో శాలువాలు కప్పుతారు, పదో తరగతి ఉత్తీర్ణత శాతాలు చదువుతారు, శిష్యుల్లో డాక్టర్లయినవాళ్లను తలుచుకుంటారు. ఆయన పనితనం ఊసు మాత్రం రాదు. బి.ఇడి. చేసి, స్కూల్ అసిస్టెంటుగా చేరి, బదిలీ అయిన చోటల్లా జిల్లా పరిషత్ హైస్కూల్లో పాఠం చెప్పి, ఇప్పటి లెక్కన 62 ఏళ్లకు విరమించే మనిషి చేతికి అబ్బిన నేర్పు అది. దాన్ని చూడాలంటే ఒక్క పాఠం చాలు: కర్నూలు, కడప పిల్లల చేత భూమి చుట్టుకొలత కట్టించడం.

2,200 ఏళ్ల కిందట గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ ఈజిప్టులో వేసిన లెక్కే ఇది. కడప అక్షాంశం 14.47 డిగ్రీలు, కర్నూలుది 15.83. ఏటా రెండుసార్లు కడపలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఏప్రిల్ ఆఖరున వచ్చేసరికి బడికి సెలవులు. అందుకే ఆగస్టు 13, 14 తేదీల్లో మబ్బు పట్టని మధ్యాహ్నం కోసం చూడాలి. ఆ పూట కడపలో నిలువు కర్రకు నీడ ఉండదు. కర్నూలులో మీటరు కర్రకు ఉత్తరంగా 2.4 సెంటీమీటర్ల నీడ పడుతుంది.

అసలు పని ఇక్కడే మొదలు. గడియారంలో పన్నెండు కొట్టగానే కొలిస్తే పాఠం చెడినట్టే. మన గడియారాలు 82.5 డిగ్రీల రేఖాంశానివి. ఆ రోజుల్లో కడపకు నిజమైన మధ్యాహ్నం 12.20 ప్రాంతంలో, కర్నూలుకు ఇంకో మూడు నిమిషాలకు. తెలిసిన అయివారు ఆ సమయం ముందుగా చెప్పరు. పావుగంట ముందు నుంచే నీడ కొసను గుర్తు పెట్టిస్తారు. అన్నిటికన్నా పొట్టి నీడ ఏదో పిల్లలే పట్టుకుంటారు.

ఆ కొస కూడా స్పష్టంగా ఉండదు. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బింబం. మీటరు కర్ర నీడ అంచు దాదాపు 9 మిల్లీమీటర్ల మేర మసకబారుతుంది. కొలవాల్సింది 24, మసక 9! దీనికి విరుగుడు కర్ర తలన చిన్న చిల్లున్న అట్టముక్క. నేల మీద గుండ్రటి వెలుగు పడుతుంది, దాని నడిమధ్యన చుక్క పెడితే సరి. ఇంత చిన్న ఉపాయంలో ఎంత అనుభవముందో చూడండి.

దూరం దగ్గర ఇంకో చిక్కు. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా వచ్చే బస్సు దూరం పనికిరాదు. ఉత్తర దక్షిణాల దూరమే కావాలి. పటం మీద స్కేలుతో తీస్తే సుమారు 151 కిలోమీటర్లు. నీడ చెప్పే కోణం, అంటే రెండు ఊళ్ల అక్షాంశాల తేడా, 1.36 డిగ్రీలు. దానికి అంతయితే 360కి దాదాపు 40,000. నీడలో ఒక్క మిల్లీమీటరు తప్పితే జవాబు సుమారు 1,700 కిలోమీటర్లు అటూ ఇటూ అవుతుంది. 43,000 వచ్చిన పిల్లవాడి నోట్సులో మంచి అయివారు ఇంటూ కొట్టరు. కర్ర నిలువుగా ఉందా, నేల చదునుగా ఉందా, దారానికి గుండు కట్టి చూశావా అని అడుగుతూ వాడితోనే తప్పు వెతికిస్తారు. నా దృష్టిలో ఆయన ఉద్యోగమంతటిలో గొప్ప పని అదే.

ఇలాంటి పాఠాలకు సీమలో కొదవ లేదు. నాపరాయి మీద సజల ఆమ్లం చుక్క వేస్తే బుసబుస పొంగుతుంది, వేంపల్లె డోలమైటును గీకి పొడి చేస్తేగాని పొంగదు. ఆ డోలమైటు పొరల్లోనే కోట్లాది ఏళ్ల కిందటి సూక్ష్మజీవులు కట్టిన స్ట్రోమటోలైట్లున్నాయి.

విరమించిన అయివార్లను వచ్చే ఆగస్టులో బడులు పిలవాలి. కడపలో ఒకరు, కర్నూలులో ఒకరు, చెరొక కర్ర, మధ్యలో ఒక ఫోను ఉంటే చాలు.