లేజరు చికిత్స – ఆధారము లెంత?

ముట్లుడిగిన పిమ్మట ఈస్ట్రోజెను తగ్గుటచే యోని పొడిబారును; దురద, సంభోగమున నొప్పి, మూత్రమున మంట కలుగును. ఒంటి ఆవిరులవలె ఇవి కాలక్రమమున వాటంతట అవి తగ్గుట అరుదు. రొమ్ము కాన్సరు వచ్చిన స్త్రీలు పలువురు హార్మోనులు వాడుటకు జంకుదురు. అట్టివారికై కార్బన్ డయాక్సైడు లేజరు చికిత్స గొప్ప ప్రచారము పొందినది.

ఆ ప్రచారమునకు ఆధారమేమి? తొలి పరిశోధనలు పెక్కింట చికిత్సకు ముందటి స్థితిని, తరువాతి స్థితిని మాత్రమే పోల్చిరి. పోల్చి చూచుటకు వేరొక గుంపు లేనిచో, కలిగిన మేలు కిరణముల వలననో నమ్మకము వలననో తేల్చుట యెట్లు? 2018 జూలైలో అమెరికా ఆహార ఔషధ సంస్థ ఇట్టి పరికరములను గూర్చి హెచ్చరించినది. కాలిన గాయములు, మచ్చలు, నొప్పి అందు పేర్కొనబడినవి. 2021లో ప్రకటితమైన ఆస్ట్రేలియా పరిశోధనలో కొందరికి నిజమైన లేజరును, కొందరికి ఉత్తుత్తి లేజరును ప్రయోగించిరి. 12 నెలల తరువాత చూడగా బాధలలో చెప్పుకోదగిన భేదము కానరాలేదు.

జెల్లుల విషయమునను తొందరపాటు తగదు. 2018లో వెలువడిన అమెరికా పరిశోధనలో 302 మంది స్త్రీలకు 12 వారములు చికిత్స చేసిరి. ఈస్ట్రడయాలు మాత్ర గాని, తేమనిచ్చు జెల్లు గాని ఉత్తుత్తి మందును మించలేదు. కనుక జెల్లు వ్యర్థమనుట పొరపాటు. ఆ ఉత్తుత్తి జెల్లు కూడ తడినిచ్చునదే! మూడు గుంపులలోను బాధ తగ్గినది. కావున చవుకైన జెల్లుతో మొదలిడుట వివేకము. బాధ తగ్గనిచో, లేక రక్తము కనిపించినచో, సిగ్గుపడక వైద్యులకు చెప్పవలెను.