కొండల మధ్య వంపు దారి

వంపు తిరిగే దారిలో విమానాన్ని రన్‌వేకి చేర్చడం ఫ్లైట్ మేనేజ్‌మెంట్ కంప్యూటర్‌తో పైలట్లు చేసే పనుల్లో ఎంతో మెచ్చదగ్గది. కొండల నడుమ ఉన్న విమానాశ్రయాలకు ఇది పెద్ద ఆసరా. అలాస్కా రాజధాని జూనోకు బయటి నుంచి రోడ్డు లేదు. ఊరి పక్కనున్న గాస్టినో చానెల్ అనే జలమార్గానికి ఇరువైపులా కొండలు, పైన తరచూ మబ్బు. 1996లో అలాస్కా ఎయిర్‌లైన్స్ అక్కడే ఈ పద్ధతికి శ్రీకారం చుట్టింది.

వంపులో కంప్యూటర్ వదలకుండా పట్టుకునేది నేల మీది గీతను. వృత్త కేంద్రం, వ్యాసార్ధం మారవు, గాలి మారుతుంది. వెనక నుంచి గాలి తోస్తే నేల మీది వేగం పెరుగుతుంది. అదే గీత మీద నిలవాలంటే రెక్కను మరింత వాల్చాలి. వాల్చడానికి హద్దుంది కాబట్టే చార్టులో వేగ పరిమితి పెడతారు. వంపులోకి వెళ్లాక తగ్గించుకుందాంలే అంటే ఆలస్యమైపోతుంది.

అసలు పనితనం దిగడానికి చాలా ముందే కనిపిస్తుంది. 28 రోజులకోసారి కొత్తదయ్యే డేటాబేస్ నుంచి ఆ మార్గాన్ని పేరుతో యథాతథంగా తెస్తారు. అందులోని బిందువులను చేత్తో కదపకూడదు. ఒకరు చార్టు చదువుతుంటే ఇంకొకరు తెరపై ప్రతి బిందువు, ఎత్తు, వేగం సరిచూస్తారు. దిగేటప్పుడు రెండు అంకెలను కనిపెట్టుకుని ఉంటారు: విమానం ఉన్న చోటు లెక్కలో అనుమతించిన తేడా, కంప్యూటర్ అంచనా వేసిన తేడా. కొన్నిచోట్ల ఆ అనుమతి నాటికల్ మైలులో పదో వంతే, అంటే సుమారు 185 మీటర్లు. రన్‌వే కనబడకముందే రెండో అంకె మొదటిదాన్ని మించి హెచ్చరిక వెలిగితే మళ్లీ పైకి లేవాల్సిందే. ఆ లేచే దారినీ ముందే గీసి ఉంచుతారు. అదీ కొండల మధ్య వంపు తిరగవచ్చు.