మందాకినికి అద్దం ఎవరు పట్టాలి?

నామ్‌దేవ్ ఢసాల్ 'గోల్‌పీఠా' 1972లో వచ్చింది. దళిత పాంథర్స్ పుట్టిన ఏడూ అదే. బొంబాయి కామాఠీపురా దగ్గరి సందుల్లో పెరిగిన మహర్ కవి పుస్తకమది. కామాఠీపురాకు ఆ పేరు తెచ్చిన కామాఠీలు మనవాళ్ళే, పొట్ట చేతబట్టుకొని వలసపోయిన తెలుగు కూలీలు. ఆ వాడ మనకు పరాయిది కాదు.

అందులో మందాకినీ పాటిల్ అనే పడుచు వేశ్య మీద ఒక కవిత ఉంది. మన ప్రబంధాల్లో వేశ్య శృంగార నాయిక. సంస్కర్తల రాతల్లో బాగుచేయాల్సిన పతిత. ఢసాల్ ఆమెను ఇంటిపేరుతో సహా పిలుస్తాడు. పాటిల్ అంటే ఊరి పెద్దరికం చెప్పే పేరు. ఆ పేరు కూడా ఆమెను కాపాడలేదు. పదహారేళ్ళ ఒంటి మీది హింసను అతను పూలతో కప్పడు. ఆ ముఖంలో వెలుగు ఆరిపోవడాన్ని విటుడిగా కాదు, ఆ గల్లీ మనిషిగా చూస్తాడు. ఈ భాష బూతని ముక్కు మూసుకున్నవాళ్ళకు ఆ బతుకు మాత్రం బూతనిపించలేదు గదా!

అయినా మాకొక పేచీ ఉంది. కవిత పొడుగునా మాట అతనిదే. తనను తాను ఏమనుకుంటుందో మందాకిని నోట రాదు. శీర్షికలోనే ఇది 'నా' కొలాజ్ అంటాడు. అది నిజాయితీ, పరిమితి కూడా. అతని భార్య, కవయిత్రి మల్లికా అమర్ షేక్ 1984లో తన ఆత్మకథలో ఆ కాపురంలోని హింసను రాసింది. దాన్ని పక్కనబెట్టి ఈ కవితను చదవలేం.

ఈ ప్రశ్న మనకూ తగుల్తుంది. జోగిని ఆచారాన్ని నిషేధిస్తూ 1988లో ఇక్కడ చట్టం వచ్చింది. జోగినుల మీద రాసే మనం, అద్దాన్ని వాళ్ళ చేతికిచ్చామా?