వెన్నెల ఉన్నంతసేపే నూర్పు

1971 డిసెంబరు 2న మార్గశిర పౌర్ణమి. మర్నాటి సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన పడమటి విమానస్థావరాల మీద బాంబులు వేశాయి. చిన్నవాణ్ణయిన నాకు ఆ రెండూ కలిసే గుర్తుండిపోయాయి. విశాఖపట్నానికి ఉత్తరాన, సముద్రానికి దగ్గర మా ఊరు. పొలాల్లో ఇంకా కోతలు సాగుతున్నాయి. కోసిన వరి కోసినట్టు కళ్లంలో కుప్పకెక్కుతోంది.

పగలు మనుషులంతా కోతల్లో ఉంటారు కనక మావైపు నూర్పు రాత్రిపూటే. గుంజకు లాంతరు వేలాడదీసి, ఎద్దుల్ని బంతి కట్టి తిప్పేవారు. యుద్ధం రాగానే దండోరా వేశారు, చీకటి పడ్డాక ఎక్కడా దీపం కనబడకూడదని. ఘాజీ అనే పాకిస్తాన్ జలాంతర్గామి 3వ తేదీ అర్ధరాత్రి వేళ విశాఖ తీరానికి దగ్గరలోనే మునిగిందని మాకు తర్వాతెప్పుడో తెలిసింది. పట్నంలో కిటికీలకు నల్లకాగితాలు అంటించుకున్నారు. ఆకాశం కింద పరుచుకున్న కళ్లానికి ఏం అంటిస్తాం?

"లాంతరు నేకపోతే నూర్పు ఆగిపోద్దేటి?" అన్నాడు నాన్న.

ఆగడానికి వీల్లేదు. చెమ్మ ఉన్న కుప్పలో వేడి పుట్టి గింజ రంగు మారుతుంది. అంతకన్నా ముఖ్యం, కోత కూలి వడ్లలోనే ఇచ్చేవాళ్లం. నూర్పు ఆలస్యమైతే ముందు పస్తుండేది కోసినవాళ్ల పిల్లలు. ఈ మాట నాన్న మాకు గట్టిగానే చెప్పాడు.

దాంతో చంద్రుణ్ణి బట్టి పని. మొదట్లో పొద్దుగుంకిన కాసేపటికే వెన్నెల వచ్చేది. రోజురోజుకీ ముప్పావుగంటకు పైగా వెనకబడుతూ, రెండోవారానికి నడిరాత్రయింది. అప్పుడు లేచి ఎద్దుల్ని తోలుకెళ్లేవాళ్లం. గింజంతా రాలిందో లేదో ఆ మసక వెలుతురులో కంటికి ఆనదు. నాన్న గుప్పెడు గడ్డి తీసి వెన్నుల్ని వేళ్ల మధ్య దూసేవాడు. గరుకు తగిలితే ఇంకో నాలుగు చుట్లు. గడ్డి కింద వడ్ల మందం అరికాలికి తెలిసేది. నా పని ఎద్దుల వెనక నడుస్తూ, పేడ వడ్లలో పడకుండా గడ్డిచుట్టతో పట్టుకోవడం. తోక ఎత్తడం కనబడదు కాబట్టి అడుగు మందగించడం విని చుట్ట చాపేవాణ్ణి. ఆ వినికిడిని నేను ఏ బడిలోనూ నేర్చుకోలేదు. తూర్పార మాత్రం మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాకే. తాలూ గింజా విడిపోవడం కళ్లతో చూడాల్సిందే.

నానమ్మకు వెన్నెలన్నా భయమే. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాక, పట్నం జనం మూటలు నెత్తినపెట్టుకుని ఊళ్లు పట్టి రావడం ఆమె చూసింది. విదిలించిన గడ్డి వెన్నెల్లో తెల్లగా ఎంతదూరానికైనా కనబడుతుందనేది. నిజమే. అయినా రోజూ వచ్చి కళ్లం గట్టున కూర్చునేది.

16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. మర్నాడు అమావాస్య. లాంతరు మళ్లీ గుంజకెక్కింది.

ఆ యుద్ధం మీద నేను చదివిన పుస్తకాల్లో ఓడలూ సేనానులూ ఉన్నారు, కళ్లాలు లేవు. ఇది చిన్న లోటు కాదు. సైన్యం తినే అన్నమూ, కూలివాడి గంజీ ఆ చీకట్లోనే రాలాయి. 2025 ఏప్రిల్‌లో కశ్మీర్‌లోని పహల్గాంలో ఉగ్రదాడి తర్వాత పంజాబ్ సరిహద్దు రైతులు కంచె అవతలి గోధుమ హడావిడిగా కోసుకున్నారన్న వార్త చూసి నాకు నిద్రపట్టలేదు. మామూలు రోజుల్లోనే వాళ్లు సరిహద్దు భద్రతా దళం కంచె గేటు తెరిచిన వేళకు వెళ్లి, మూసేలోగా తిరిగి రావాలి. ఆ వార్త ఒక్కరోజుతో పోయింది. ఎవరి గింజ పచ్చిగా ఉండగానే కోయాల్సి వచ్చిందో, ఆ తడి గోధుమకు మార్కెట్లో ఎంత కోత పెట్టారో, కూలీలకు ఏం దక్కిందో ఎవరైనా వెళ్లి అడిగి రాయాలి.