ఏడు ప్రశ్నలకు ముసలి సిపాయిల జవాబులు

మీరు ఎక్కడ, ఏ సంవత్సరంలో పుట్టారు? మీ వయసుకు రాసిపెట్టిన ఆధారం ఏదైనా ఉందా, ఉంటే ఎక్కడుంది? సైన్యంలోకి పిలిచేనాటికి ఏ ఊళ్లో ఉన్నారు, యుద్ధం తర్వాత ఎక్కడెక్కడ బతికారు? మీ అంతట మీరే చేరారా, వంతు వేసి తీసుకెళ్లారా, లేక ఇంకొకరి బదులు వెళ్లారా? మీతో ఉన్న అధికారులెవరు, ఏయే పటాలాలు? సైన్యం నుంచి పంపేటప్పుడు కాగితం ఇచ్చారా, ఇస్తే అదేమైంది? మీరు నిజం చెప్పే మనిషేనని చెప్పగల ఇరుగుపొరుగు ఎవరున్నారు?

1832 జూన్ 7 నాటి పెన్షన్ చట్టం కింద దరఖాస్తు పెట్టుకున్న సిపాయిలను అమెరికా కోర్టుల్లో అడిగిన ఏడు ప్రశ్నల సారాంశం ఇది. అప్పటికి అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ముగిసి దాదాపు యాభై ఏళ్లు. పదహారేళ్లకు తుపాకీ పట్టినవాళ్లకు కూడా డెబ్బై దగ్గర పడ్డాయి. చాలామందికి చదువు రాదు. కోర్టులో నిలబడి గుర్తున్నదంతా చెబితే గుమాస్తా రాసుకునేవాడు. చివర సంతకం బదులు ఇంటూ గుర్తు పెట్టినవాళ్లు ఎందరో.

ఆ ఫైళ్లు 80 వేలకు పైగా అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటిని చదివి టైపు చేసేందుకు 2023లో ఆర్కైవ్స్, నేషనల్ పార్క్ సర్వీస్ కలిసి వాలంటీర్లను పిలిచాయి. ఆ పనిలో నేనూ ఒకణ్ణి. పాత గొలుసుకట్టు ఇంగ్లిషు రాత మొదట్లో కళ్లకు చిక్కదు. ఒక గుమాస్తా చేతిరాత అలవాటయ్యాక మాత్రం అక్షరాల వెనక మనిషి గొంతు వినపడుతుంది.

నేనుండేది అమెరికాలోని షార్లెట్‌లో. తెలుగువాళ్లు బాగా ఉన్న ఊరు. ఇక్కడి నుంచి గంటలోపు కారు ప్రయాణంలో, దక్షిణ కరొలైనా సరిహద్దులో కింగ్స్ మౌంటెన్ ఉంది. 1780 అక్టోబర్ 7న ఆ గుట్ట మీద గంటకు కాస్త పైగా సాగిన పోరు దక్షిణాదిలో యుద్ధాన్ని మలుపు తిప్పింది. కొండలు దాటి వచ్చిన రైతులు, వేటగాళ్లు సుమారు 900 మంది చుట్టుముట్టి, గుట్ట మీదున్న సుమారు 1,100 మందిని ఓడించారు. ఓడిన దండుకు నాయకుడు మేజర్ పాట్రిక్ ఫెర్గూసన్. అతను స్కాట్లండ్ మనిషి. అతని కింద పోరాడినవాళ్లు దాదాపు అందరూ అమెరికన్లే, బ్రిటిష్ రాజు పక్షాన నిలిచినవాళ్లు. ఒకే జిల్లా వాళ్లు, ఒకే ఇంటి వాళ్లు రెండు పక్కలా ఉన్నారు. ఎవరెటో తెలియడానికి కొండలు దాటి వచ్చినవాళ్లు టోపీల్లో కాగితం ముక్కలు, రాజు పక్షం వాళ్లు పైన్ కొమ్మలు పెట్టుకున్నారట. పదహారేళ్ల థామస్ యంగ్ ఉత్తికాళ్లతో గుట్ట ఎక్కుతుంటే, శత్రువుల వరసలోంచి అతని బంధువే పరుగున వచ్చి వాటేసుకున్నాడు. పెద్దయ్యాక యంగ్ తానే ఈ సంగతి చెప్పాడు.

తమ పూర్వీకుడు ఈ గుట్ట మీద ఉన్నాడని నమ్మే కుటుంబాలు ఈ ప్రాంతంలో చాలా ఉన్నాయి. నమ్మకం వేరు, రుజువు వేరు. అక్కడ పోరాడినవాళ్లు ఎక్కువగా మిలీషియా. పిలుపు రాగానే గుర్రమెక్కి, పని కాగానే ఇంటికి పోయినవాళ్లు. వాళ్ల పేర్ల పట్టీలు సరిగా లేవు. పైగా 1800 నవంబర్‌లో యుద్ధ శాఖ కార్యాలయం తగలబడి అక్కడి రికార్డులు బూడిదయ్యాయి. అందుకే ముసలివాళ్ల జ్ఞాపకమే సాక్ష్యమయింది. 1818 నాటి చట్టం పేదరికంలో ఉన్న కాంటినెంటల్ సైనికులకే, అంటే క్రమ సైన్యంలో పనిచేసినవాళ్లకే పెన్షన్ ఇచ్చింది. 1832 చట్టం కనీసం ఆరు నెలలు పనిచేసిన మిలీషియా వాళ్లకూ తలుపు తెరిచింది. మామూలు మనిషి యుద్ధకథ అధికారికంగా కాగితం మీదికి వచ్చింది అప్పుడే.

వెతికే పద్ధతి నిదానంగా సాగాలి. మన దగ్గర మొదలుపెట్టి ఒక్కో తరం వెనక్కి పోవాలి. 1850 జనాభా లెక్కల దాకా దారి తేలికే, ఎందుకంటే ఇంట్లో ఉన్న స్వతంత్రులందరి పేర్లూ మొదటిసారి రాసింది ఆ ఏడే. అంతకుముందు ఇంటి యజమాని పేరొక్కటే. అయితే 1840 లెక్కల్లో పెన్షన్ తీసుకునేవాళ్ల పేర్లు, వయసులు విడిగా నమోదు చేశారు. అక్కడ తాత పేరు దొరికితే పెన్షన్ ఫైలు తెరవొచ్చు. ఫైలు నంబరు ముందు ఎస్ ఉంటే సిపాయి తానే పెన్షన్ పొందాడని, డబ్ల్యూ ఉంటే భార్య పొందిందని, ఆర్ ఉంటే తిరస్కరించారని అర్థం. ఒకే జిల్లాలో ఒకే పేరుతో నలుగురు కనబడతారు. అప్పుడు పేరును పక్కనపెట్టి భార్య ఎవరు, సాక్షులెవరు, ఏ కెప్టెన్ కింద ఉన్నాడు, యుద్ధం తర్వాత ఏ రాష్ట్రానికి వలస పోయాడు అన్నవి చూడాలి. మనిషి ఆనవాలు పట్టించేవి అవే.

నన్ను బాగా కదిలించేవి డబ్ల్యూ ఫైళ్లు. 1836 నుంచి వితంతువులకు వరసగా చట్టాలు వచ్చాయి. పెళ్లి జరిగిందని రుజువు చూపించాలి. పెళ్లి నమోదైన కాగితం లేని ముసలమ్మలు ఇంటి బైబిల్లో పెళ్లి, పిల్లల పుట్టుకలు రాసుకున్న పేజీలు చించి వాషింగ్టన్‌కు పంపారు. ఆ పేజీలు ఇప్పటికీ ఫైళ్లలో ఉన్నాయి. ఆ యుద్ధపు సిపాయి భార్యగా పెన్షన్ తీసుకున్నవాళ్లలో చివరామె ఎస్తర్ డేమన్. ఆమె చనిపోయింది 1906లో.

ఆండ్రూ ఫెర్గూసన్ అనే స్వతంత్ర నల్లజాతి సిపాయి 1838లో ఇండియానా రాష్ట్రం మన్రో కౌంటీలో తన వాంగ్మూలం ఇచ్చాడు. కింగ్స్ మౌంటెన్‌లోనూ ఉన్నానని చెప్పాడు. శత్రు సేనానిదీ ఇతనిదీ ఒకటే ఇంటిపేరు. ఆ గుట్ట గురించి చాలాకాలం చెప్పుకున్న కథల్లో తెల్ల కొండవాసులే వీరులు. ఇలాంటివాళ్ల మాట మిగిలింది ఆ కోర్టు గుమాస్తా రాసుకున్నందువల్లే.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. పూర్వీకుణ్ణి వెతకడమంటే గర్వపడేందుకు ఒక వీరుణ్ణి ఏరుకోవడం కాదు. ఓడినవాళ్ల కాగితాలు కొన్ని నష్టపరిహారం దరఖాస్తులుగా లండన్ చేరాయి, కొన్ని కెనడాలో ఉన్నాయి. గెలిచినవాళ్లు వారం తిరిగేసరికి తొమ్మిదిమంది ఖైదీలను ఉరితీశారు. తాత ఏ పక్కనున్నా, ఏం చేసినా ఒప్పుకోగలిగినవాళ్లే ఈ పనికి పూనుకోవాలి. లేకపోతే దొరికేది తాత కాదు, మనకు నచ్చిన బొమ్మ.

మన ఇళ్లకూ ఇలాంటి కాగితాలు చేరాయి. 1972లో భారత కేంద్ర ప్రభుత్వం స్వాతంత్ర్య సమరయోధులకు పెన్షన్ పథకం పెట్టినప్పుడు మన పెద్దలూ దరఖాస్తులు రాశారు. ఆరు నెలల జైలుశిక్షకు రుజువు తెమ్మంటే జైలు సర్టిఫికెట్ల కోసం తిరిగారు, తోటి ఖైదీల చేత సాక్ష్యం రాయించారు. ఆ నకళ్లు మీ ఇంటి బీరువాలో ఉంటే తీసి పిల్లలకు చదివి వినిపించండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే పైన రాసిన ఏడు ప్రశ్నలూ వాళ్లను అడిగి జవాబులు రాసుకోండి. తిరస్కరించిన దరఖాస్తు అయినా సరే పారేయకండి. పెన్షన్ రాకపోయినా, అందులో మీ తాత తన కథ చెప్పే ఉంటాడు.