అట్ట మీద రాసిన పేర్లు

రైలు ఫొటోల పోటీ అనగానే కుర్రాళ్ల కళ్లు ముందు ఇంజన్ మీదికే పోతాయి. వంపు తిరుగుతున్న గూడ్సు, వానలో హెడ్‌లైటు, పొద్దుగూకే వేళ మెరిసే పట్టాలు. ఈ నెల ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో కొందరు యువకులు తమలో తాము ఒక చిన్న పోటీ పెట్టుకుని, బొమ్మలు ఎంచిపెట్టమని నన్ను అడిగారు. అంశం ఇంజన్ కాదు, రైలు మీద పనిచేసే మనుషులు. ఆ అంశం పెట్టినందుకే వాళ్లంటే నాకు గౌరవం కలిగింది.

బొమ్మల్లో పనితనం ఉంది. కానీ చాలావాటిలో మనిషి నల్లటి నీడ. వెనక ఎర్రటి ఆకాశం, ముందు భుజాన సుత్తి ఉన్న ఆకారం. కింద శీర్షికలు: ‘శ్రమ’, ‘కర్మయోగి’, ‘ఉక్కు మనిషి’. ఒక్కదాని కింద కూడా ఆ మనిషి పేరు లేదు. ఏ పని చేస్తున్నాడో రాసినవీ తక్కువే. కీమేన్‌ని చూసి గ్యాంగ్‌మేన్ అని రాశారు, పాయింట్స్‌మేన్‌ని చూసి ‘రైల్వే కార్మికుడు’ అని సరిపెట్టారు.

ఇంకే ఊళ్లోనైనా ఊరుకుందును. ఇది ఖరగ్‌పూర్. 1902లో వాల్తేరు నుంచి కటక్ దాకా ఉన్న ఈస్ట్ కోస్ట్ లైను బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికి వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు పల్లెల నుంచి మన తాతలు ఆ దారినే వచ్చి వర్క్‌షాపులో, షెడ్డులో, పట్టాల మీద చేరారు. 1927లో ఇక్కడి కార్మికులు చేసిన పెద్ద సమ్మె గురించి చదివినప్పుడల్లా సంఘం నడిపిన వి.వి. గిరి పేరు కనిపిస్తుంది, కనిపించాలి కూడా. ఆయన తరవాత రాష్ట్రపతి అయ్యారు. ఆయన మాట విని పనిముట్లు కింద పెట్టినవాళ్ల పేర్లు మాత్రం ఆ ఇళ్లలో తప్ప ఇంకెక్కడా వినిపించవు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగును అధికార భాషల్లో చేర్చినప్పుడు, దాని వెనక ఉన్నది ఈ ఊరి తెలుగువాళ్ల సంఖ్యే. మన ప్లాట్‌ఫారం పొడవు 1072 మీటర్లని, ప్రపంచ రికార్డు మన దగ్గర నుంచి 2013లో గోరఖ్‌పూర్‌కి, అక్కణ్ణుంచి హుబ్బళ్లికి పోయిందని మన పిల్లలు టకటకా చెబుతారు. ఆ ప్లాట్‌ఫారం మీద పచ్చజెండా పట్టుకునే మనిషి ఎవరో చెప్పగలిగేవాళ్లు ఎందరున్నారు?

ఈ పనిని సరిగ్గా చేసిన ఒక ఫొటోగ్రాఫర్ గురించి ఆ కుర్రాళ్లకు చెప్పాను. జాక్ డెలానో. యుక్రెయిన్‌లో పుట్టి, చిన్నప్పుడే అమెరికా చేరినవాడు. రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో, 1942-43 చలికాలంలో, అమెరికా ప్రభుత్వం తరఫున షికాగో రైల్వే యార్డుల్లో తిరిగి బొమ్మలు తీశాడు. యార్డు, మంచు, పొగ అన్నీ ఉన్నాయి వాటిలో. కానీ ఆయన మనుషుల్ని ఆపి, మాట్లాడి, పేరు అడిగి, ఏ పని చేస్తారో అడిగి రాసుకున్నాడు. 1943 ఏప్రిల్‌లో అయోవా రాష్ట్రంలోని క్లింటన్ ఊళ్లో ఇంజన్లు తుడిచే ఆడవాళ్లను తీశాడు. మగవాళ్లు యుద్ధానికి పోయారు కనక ఆ పనికి వచ్చినవాళ్లు. వాళ్లలో వయోలా సీవర్స్ అనే ఆవిడ పెద్ద ఇంజన్‌ను ఆవిరి గొట్టంతో కడుగుతున్న రంగుల ఫొటో ఉంది. మార్సెల్లా హార్ట్ అనే ఇంకో ఆవిడ తలకు గుడ్డ కట్టుకుని నేరుగా మనవైపు చూస్తుంది. ఇన్నేళ్ల తరవాత కూడా ఆ పేర్లు నేను ఇక్కడ, గోల్‌బజార్‌లో కూర్చుని రాయగలుగుతున్నాను.

ఆ పేర్లవల్ల ఇంకో మేలు జరిగింది. 2014లో షికాగో హిస్టరీ మ్యూజియం, సెంటర్ ఫర్ రైల్‌రోడ్ ఫొటోగ్రఫీ అండ్ ఆర్ట్ అనే సంస్థ కలిసి డెలానో బొమ్మలతో ప్రదర్శన పెట్టినప్పుడు, ఆ మనుషుల పిల్లల్ని, మనవల్ని వెతికి పట్టుకోగలిగారు. బొమ్మ పక్కన ఆ ఇంటి కథ చేరింది. లూయిస్ హైన్ 1920లో తీసిన ఫొటోను దీని పక్కన పెట్టి చూడండి. పెద్ద రెంచి పట్టుకుని, నడుం వంచి, ఆవిరి పంపు బోల్టు బిగిస్తున్న మెకానిక్. పవర్‌హౌసులో తీసింది. ప్రపంచమంతా ఎరిగిన బొమ్మ, నాకూ ఎంతో ఇష్టమైనది. శీర్షికలో ఉన్నది మెకానిక్ అనే మాటే, పేరు లేదు. ఆ కండల మనిషి మనవడు ఎక్కడైనా ఉంటే, అది తన తాతేనని ఎలా తెలుసుకుంటాడు?

ఇది అమెరికావాళ్లను చూసి నేర్చుకోవాల్సిన సంగతని నేను అనను. మన ఇళ్లలోనే ఉంది. గోల్‌బజార్ చుట్టుపక్కల ఏ పాత రైల్వే కుటుంబం ఇంటికి వెళ్లినా గోడ మీద ఒక గ్రూప్ ఫొటో ఉంటుంది. రిటైరైన రోజున తీసింది. మధ్య కుర్చీలో మెడనిండా దండలతో ఆయన, అటూ ఇటూ ఆఫీసర్లు, వెనక రెండు మూడు వరసల్లో తోటివాళ్లు, కింద చాప మీద కుర్ర ఖలాసీలు. ఫొటో చుట్టూ మందపాటి అట్ట. పాతవాటిలో ఆ అట్ట మీద, బొమ్మ కింద, కూర్చున్నవారు ఎడమ నుంచి కుడికి అని మొదలుపెట్టి వరసవారీగా పేర్లు. సెక్షన్ పేరు, సంవత్సరం. స్టూడియో ఆయన ఎవరో గాని, చరిత్ర రాశాడు. తెలుగువాడు, బెంగాలీ, ఒడియా, బిహారీ, ఆంగ్లో ఇండియన్ పక్కపక్కన ఒకే వరసలో నిలబడ్డ ఊరిని ఆ అట్ట మీద ఉన్నంత నమ్మకంగా నేనింకెక్కడా చూడలేదు.

ఆ ఫొటోల్లో లేనిదల్లా పని. ముప్ఫై ఏళ్లు ఆ మనిషి చేతులు ఏం చేశాయో తెలీదు. ఇస్త్రీ చొక్కా, దండ, బిగుసుకున్న మొహం. పోటీ ఫొటోలో పని ఉంది, పేరు లేదు. గ్రూప్ ఫొటోలో పేరుంది, పని లేదు. రెండూ ఒక్క బొమ్మలో కలపగలిగితే దానికే మొదటి బహుమతి అని కుర్రాళ్లకు చెప్పాను.

కలపాలంటే ముందు పని తెలియాలి. స్టేషన్లోకి రైలు వస్తున్నప్పుడు జనమంతా పెట్టెల వైపు ఎగబడతారు. అప్పుడే క్యారేజ్ అండ్ వ్యాగన్ సిబ్బంది రెండు పక్కలా గొంతుక్కూచుంటారు. దీన్ని రోలింగ్ ఇన్ పరీక్ష అంటారు. కదులుతున్న చక్రాలను చూస్తారు, చెవి పెట్టి వింటారు. చక్రం అంచు ఒకచోట చదునైతే దాని చప్పుడు వేరేగా ఉంటుంది. వేలాడే గొట్టం, విరిగిన స్ప్రింగు, పట్టేసిన బ్రేకు, అన్నీ ఆ కాసేపట్లో దొరకాలి. ఎంత మంచి బొమ్మ అది! వందలమంది చూపు కిటికీల మీద ఉంటే, ఒక్క మనిషి చూపు చక్రం మీద. షట్టర్ వేగం ముప్ఫయ్యో వంతు సెకను దగ్గర పెట్టి, చేయి కదలకుండా నిలబడితే, రైలు చెదిరిపోయి ఆ కళ్లు మాత్రం స్థిరంగా పడతాయి. మొబైల్‌లో పోర్ట్రెయిట్ మోడ్ వాడితే వెనకున్నదంతా మసకబారి ఆ చక్రమే పోతుంది. అది లేకపోతే ఆయన ఏం చూస్తున్నాడో ఎవరికీ అర్థం కాదు.

ఆగకుండా పోయే బండికి ప్లాట్‌ఫారం వైపు ఒకరు, అవతలి వైపు పాయింట్స్‌మేన్ ఒకరు పచ్చజెండా చూపిస్తారు. బండి పోయేదాకా వాళ్లిద్దరికీ మధ్య రైలే అడ్డం. క్యాబిన్‌లో లోకో పైలట్, అసిస్టెంట్ ఒకరికొకరు సిగ్నల్ రంగు గట్టిగా పలికి చెప్పుకుంటారు. కీమేన్ తన బీట్ అంతా నడుస్తూ, ఊడిన క్లిప్పును సుత్తితో కొట్టి మళ్లీ కూర్చోబెడతాడు. 2023 జూన్ 2న మన డివిజన్‌లోనే బహనగా బజార్ దగ్గర జరిగిన ఘోర రైలు ప్రమాదంలో పడిపోయిన పెట్టెల ఫొటోలు లోకమంతా చూసింది. 51 గంటల్లో ఆ దారి సరిచేసి మళ్లీ రైలు నడిపిన ట్రాక్ మనుషుల్లో ఒక్కరి మొహమైనా మనకు గుర్తుందా?

ఎంపికకు ముందు నేను ఒక్కటే అడిగాను. బొమ్మలో ఉన్నవాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లండి. అచ్చు వేసిన కాపీ చేతికివ్వండి. పేరు, పని, ఎన్నేళ్ల సర్వీసో అడిగి రండి. ఇష్టం లేదంటే బొమ్మ వెనక్కి తీసుకోండి. కొందరు విసుక్కున్నారు, ఎక్కువమంది వెళ్లారు. ఒక లోకో పైలట్ తన ఫొటో చూసి, “బాగా తీసినావు బాబూ, కానీ డ్యూటీ మీదున్నప్పుడిది. మాకు రూల్సుంటాయి, ఎక్కడా పెట్టకు,” అన్నారట. ఆ కుర్రాడు తీసేశాడు. పోటీలో అందమైన బొమ్మల్లో అదొకటి. అయినా సరైన పనే చేశాడు. ఫొటో తీసినవాడికి వచ్చేది బహుమతి, ఆయనకు వచ్చేది ఉద్యోగంలో మాట.

పట్టాల మీదికి దిగి తీసినవాటిని చూడనైనా చూడనన్నాను. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అది నేరం, పైగా పైన ఇరవై అయిదు వేల వోల్టుల తీగ. రాత్రిపూట డ్రైవర్ వైపు ఫ్లాష్ కొట్టినదీ అంతే. ప్లాట్‌ఫారం చాలు, లెవెల్ క్రాసింగ్ ఇవతలి గట్టు చాలు, సెలవురోజున వాళ్ల ఇంటి అరుగు చాలు.

మొదటి బహుమతి ఒక ట్రాక్ మెయింటెయినర్ ఫొటోకి ఇచ్చాం. ఆవిడ నారింజ జాకెట్‌లో, పాన బోల్టు మీద బిగించి, తల ఎత్తి తీసేవాడి వైపు చూస్తోంది. పేరు రాయడానికి ఆవిడ ఒప్పుకుంది. కాపీ ఇస్తే, “ఏటి, నాకేనా?” అని, గ్యాంగులో మిగతావాళ్లను ఎందుకు తియ్యలేదని అడిగిందట. మళ్లీ వెళ్లి గ్యాంగ్ మొత్తాన్ని వరసగా నిలబెట్టి తీశాడు ఆ అబ్బాయి. పని మధ్యలో, పనిముట్లతో, ఎడమ నుంచి కుడికి పేర్లు రాసుకుని. ఈ రెండో బొమ్మ పోటీకి రాలేదు. నా లెక్కలో దానిదే మొదటి స్థానం.

ఈ కాలమ్ చదివే రైల్వే కుటుంబాలవాళ్లను ఒకటి అడుగుతున్నాను. మీ గోడమీది గ్రూప్ ఫొటో దించండి. అట్ట మీద పేర్లు లేకపోతే, చెరిగిపోతే, గుర్తుపట్టగల పెద్దవాళ్లు ఉండగానే వాళ్ల పక్కన కూర్చోండి. ఒక్కో మొహం మీద వేలు పెట్టి అడగండి: ఎవరు, ఏ షాపు, ఏ ఊరివాళ్లు, ఏం పని చేసేవారు. మొబైల్‌లో ఒక కాపీ తీసుకుని, పేర్లు ఫొటో వెనక వైపు రాయండి. మెత్తటి పెన్సిల్ వాడండి, బాల్‌పెన్ వద్దు. దాని ఒత్తు బొమ్మ వైపు తేలుతుంది.